ఒక పరుగు, నాలుగు టైములు

పది కిలోమీటర్లు యాభై నిమిషాల లోపు కొట్టాలంటే కిలోమీటరుకు అయిదు నిమిషాలు. ఇక్కడిదాకా ఎక్కాల పుస్తకం చాలు. మన పరుగువీరుడు కాస్త ముందుచూపున్నవాడు కనక 4:58 పేస్, అంటే కిలోమీటరుకు అంత టైము, పెట్టుకున్నాడు. మొత్తం 49:40. ఇరవై సెకన్లు మిగులు. చేతికి జీపీఎస్ వాచీ కూడా ఉంది, ఇక పర్సనల్ బెస్ట్‌కి అడ్డేముంది?

ఆ వాచీయే.

టాయిలెట్ క్యూ పుణ్యమా అని ఆయన స్టార్ట్‌కి వచ్చేసరికి ముందు జనం గోడ కట్టేశారు. తుపాకీ పేలాక గీత దాకా పాకడానికే 1:47 పట్టింది. దీనికి బెంగ అక్కర్లేదు. ఛాతీ మీది నంబరు గుడ్డ (బిబ్) వెనక అతికించిన చిప్, గీత మీద పరిచిన మ్యాట్ దాటాకే లెక్క మొదలవుతుంది. ఈ సంగతి ఆయనకీ తెలుసు. తెలిసీ, ఆ 1:47ని ఎవరో తన జేబులోంచి కొట్టేసినట్టు మొదటి కిలోమీటరులోనే వసూలు చేసుకుందామని బయల్దేరాడు. సందు దొరికిన చోటల్లా దూరుతూ, ఎడమకీ కుడికీ వంకర్లు పోతూ 4:31లో లాగించాడు. ఆ అప్పు ఎనిమిదో కిలోమీటరులో తొడలు వడ్డీతో సహా కట్టాయి, అది వేరే సంగతి. ఆ వంకర్ల లెక్క మాత్రం అప్పుడే వాచీలో పడటం మొదలైంది.

రేసు దారి ఎలా కొలుస్తారో చెబితే మీకూ జాలేస్తుంది. సైకిల్ ముందు చక్రానికి ఒక కౌంటర్ బిగిస్తారు. ఉక్కు టేపుతో కొలిచిన తిన్నని రోడ్డు మీద ముందు దాన్ని సరిచూసుకుంటారు. తర్వాత మనిషి పరిగెత్తగలిగిన అతి దగ్గర దారిలో, మలుపుల్లో అంచుకి 30 సెంటీమీటర్ల దూరంలో తొక్కుకుంటూ వెళ్తారు. ఎక్కడైనా తక్కువ పడుతుందేమోనని కిలోమీటరుకు ఒక మీటరు అదనంగా కలుపుతారు. కాబట్టి పద్ధతిగా కొలిచిన పది కిలోమీటర్ల దారి ఎక్కువైతే అవుతుంది గానీ తక్కువ కాదు. మనవాడేమో నీడ ఎటుంటే అటు, నీళ్ల బల్ల ఎటుంటే అటు. మలుపు మలుపుకీ బయటి అంచు పట్టుకుని ఊరేగాడు. మూల తిరిగేటప్పుడు నాలుగు మీటర్లు బయటగా తిరిగితే ఆరు మీటర్లు ఎక్కువ పరిగెత్తినట్టే. ఎత్తైన భవనాల మధ్య జీపీఎస్ గీసే పిచ్చిగీతలు దీనికి తోడు. అన్నీ కలిసి చివరికి వాచీలో 120 మీటర్లు ఎక్కువ తేలాయి.

ఏడో కిలోమీటరులో ఎడమ బూటు లేసు ఊడింది. ఊడదా మరి? లేసు ముడి పువ్వు బూటుకి అడ్డంగా కూర్చోవాలి, ఆయనది మడమ నుంచి వేళ్ల వైపు నిలువుగా తిరిగి ఉంది. అంటే మొదటి ముడి ఎటు వేశాడో రెండోదీ అటే వేశాడన్నమాట. రెండోది ఎదురు దిశలో వేస్తే చాలు, గట్టిగా కూర్చుంటుంది. కాలు నేలను గుద్దినప్పుడల్లా ముడి వదులవుతుంది, ఊగే లేసు కొసలు దాన్ని బయటికి లాగుతాయి. 2017లో బర్క్‌లీ పరిశోధకులు స్లో మోషన్ కెమెరా పెట్టి మరీ దీన్ని తేల్చారు. మనవాడు పక్కకి జరిగి, వంగి, చెమట వేళ్లతో మళ్లీ అదే ముడి వేశాడు. 22 సెకన్లు. ఆ 22 సెకన్లూ వాచీ మర్యాదగా ఆగిపోయింది. ఆటో పాజ్! సిగ్నల్ దగ్గర ఆగే రోజువారీ పరుగుకి అది మంచిదే. రేసు రోజున అంతకంటే అబద్ధాలకోరు ఇంకొకటి ఉండదు.

వాచీ 10.00 చూపించింది. టైము 49:40. రెండు చేతులూ గాల్లోకి లేచాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి, కాళ్లు నడకలోకి దిగబోయాయి. ఎదురుగా చూస్తే ఫినిష్ ఆర్చ్ ఇంకా 120 మీటర్ల అవతల! పక్కనుంచి ఒక పెద్దావిడ ‘గీత అక్కడుంది నాయనా’ అని దాటేసి వెళ్లిపోయింది. ఆ పేస్‌లో 120 మీటర్లంటే 36 సెకన్లు. గీత దాటుతూ తలవంచి వాచీ నొక్కాడు: 50:16. ఫినిష్ ఫోటోలో ఆయన నడినెత్తి చాలా స్పష్టంగా వచ్చింది.

తల ఎత్తితే ఆర్చ్ మీది గడియారం 52:25 అంటోంది. అది గన్ టైమ్, తుపాకీ పేలినప్పటి నుంచి లెక్క. మధ్యాహ్నం ఫలితాల్లో చిప్ టైమ్ 50:38 అని పడింది. వాచీ దాచిపెట్టిన 22 సెకన్లు అందులో బయటపడ్డాయి. ఈలోగా వాచీ కప్పు బొమ్మ వెలిగించి ‘కొత్త రికార్డు! 10 కి.మీ. 49:40’ అని అభినందించింది. ఆ కప్పు స్క్రీన్‌షాట్ బంధుమిత్రులందరికీ అప్పటికే చేరిపోయింది.

కెన్యా మారథాన్ వీరుడు కిప్‌చోగే అంతటివాడు 2019లో వియన్నాలో మారథాన్ దూరాన్ని 1:59:40లో పూర్తి చేస్తే, వేగం నిలబెట్టడానికి పక్కన పరిగెత్తే, విడతలవారీగా మారే పేసర్ల సాయం నిబంధనలకు సరిపడదని దాన్ని రికార్డు కింద రాసుకోలేదు. ఆయన నవ్వి ఊరుకున్నాడు. మనవాడు ఊరుకోలేదు. దారి 120 మీటర్లు పొడుగుందని నిర్వాహకులకి మెయిల్ పెట్టాడు. సైకిల్ కొలతల కాగితం జవాబుగా వచ్చింది.

ఆయన చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. వాచీ మీద 4:55 పెట్టుకుంటే 10.12 కిలోమీటర్లకీ 49:45 అయ్యేది. ఆటో పాజ్, కిలోమీటర్లని వాచీ తనే లెక్కేసుకునే ఆటో ల్యాప్ రెండూ ఆపేసి, దారి పక్కన కిలోమీటరు బోర్డు కనిపించినప్పుడల్లా ల్యాప్ బటన్ తనే నొక్కుకుంటే, వాచీ లెక్క బోర్డుల కంటే ముందు పోతున్న సంగతి మూడో కిలోమీటరుకే తెలిసేది. వీటికి తోడు లేసు ముడి ఒక్కటి.

వచ్చే రేసు దరఖాస్తులో ‘మీ ఉత్తమ టైమ్’ అని ఒక గడి ఉంది. అందులో 49 కొట్టాడు, చెరిపాడు. 50 కొట్టాడు, అదీ చెరిపాడు. చివరికి ‘సుమారు 50’ అని కొట్టి చూశాడు. ఆ గడి అంకెలు తప్ప ఏమీ తీసుకోనంది.