నమ్మని దైవజనుడు

మావాడికి దేవుడి మీద నమ్మకం లేదు. ఉన్నట్టు నటించడు కూడా. కానీ మా ఇద్దరి బైబిళ్ళు పక్కపక్కన పెడితే నలిగిపోయింది వాడిదే, ఎందుకంటే నేను చదివేది నాకు నచ్చిన నాలుగు వచనాలు, వాడు చదివేది వాటికి ముందూ వెనకా ఉన్నవన్నీ. మీకు మేలు చేసే ఉద్దేశమే ఉంది, నిరీక్షణ ఇస్తానని దేవుడు మాటిచ్చే యిర్మీయా 29:11 స్టేటస్‌గా పెట్టానంటే చాలు, "దాని పైనే పదో వచనంలో బబులోనులో డెబ్బై ఏళ్ళు ఉండాలని ఉంది కదరా, నువ్వెప్పుడూ పదకొండు నుంచే ఎత్తుకుంటావేం?" అని మెసేజ్ వచ్చి పడుతుంది. మొదట్లో ఒళ్ళు మండేది. వాడి నోరు మూయిద్దామని అధ్యాయం మొత్తం చదివితే తెలిసింది, అది బబులోనుకి బందీలుగా పోయినవాళ్ళకి యిర్మీయా ప్రవక్త పంపిన ఉత్తరమని, ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, ఇప్పట్లో రారు అని మొహమాటం లేకుండా చెప్పాకే ఆ వాగ్దానం ఇచ్చాడని. చేతిదాకా వచ్చిన ఉద్యోగం పోయినప్పుడు నన్ను నిలబెట్టింది నిజానికి ఆ పదో వచనమే. ఈ మాట వాడికి ఇంతవరకు చెప్పలేదు. చెబితే మనిషిని పట్టలేం.

సరే, అసలు సంగతికి వస్తాను. ఒక సాయంత్రం తెలిసినవాళ్ళింట్లో ప్రార్థన కూటం. నా బండి రిపేరులో ఉంది కాబట్టి కారులో దింపేసి పోతానన్నాడు మావాడు. దారంతా తోమా గురించి వాదన, అదే, యేసు తిరిగి లేచాడని తోటి శిష్యులు చెబితే గాయాలు చూసి ముట్టుకుంటే గానీ నమ్మనన్న శిష్యుడు. దిగాక కూడా తెగకపోవడంతో "ఉండు, చూపిస్తా" అని బైబిలు పట్టుకుని నా వెనకాలే గుమ్మం దాకా వచ్చాడు. తెల్ల చొక్కా, కళ్ళద్దాలు, చేతిలో నిండా చీటీలు దోపిన బైబిలు. ఇంటి ఆంటీ వాడిని ఎగాదిగా చూసి, ఒక్కసారిగా ముఖం వెలిగిపోయి, "వందనాలు అయ్యగారూ, మీకోసమే చూస్తున్నాం" అంటూ లోపలికి తీసుకుపోయారు. పొరుగూరి నుంచి రావాల్సిన వాక్యోపదేశకుణ్ణి అక్కడ అంతకు ముందు చూసినవాళ్ళు ఎవరూ లేరు. "ఆంటీ, ఈయన..." అన్నాను నేను. "తెలుసు బాబూ, నువ్వే తీసుకొచ్చావుగా" అన్నారావిడ, ఇంతలో పాట ఎత్తుకున్నారు, ఆ డోలకు మోతలో నా గొంతు నాకే వినపడలేదు.

పాట అయిపోయేసరికి మావాడు ముందు కుర్చీలో ఉన్నాడు. నేనేమో గోడ వారన, నలుగురి వెనక. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

వాడు మాత్రం నిజాయితీపరుడు, ఆ మాట ఒప్పుకోవాలి. లేచి నిలబడి మొదటి మాటే "క్షమించాలి, నేను నమ్మనండి" అన్నాడు.

గదంతా నిశ్శబ్దం. తర్వాత నా ముందున్న పెద్దావిడ పక్కావిడతో, "తోమా గురించి ఎత్తుకున్నారు" అంది తృప్తిగా. పేజీలు గలగలా తిరిగాయి. యోహాను సువార్త ఇరవై, తోమా కథ ఉన్న అధ్యాయం.

"అది కాదండీ, నిజంగానే నమ్మను" అన్నాడు వాడు.

"స్తోత్రం!" అన్నారు వెనకనుంచి ఎవరో.

ఇంక చేసేదేముంది, దారిలో నాతో ఎక్కడ ఆపాడో అక్కడే మొదలుపెట్టాడు. తోమాని అనుమానాల తోమా అని ఎందుకంటారు మీరు? మిగతావాళ్ళు తక్కువ తిన్నారా? స్త్రీలు సమాధి దగ్గర్నుంచి వచ్చి చెబితే వాళ్ళ మాటలు వెర్రిమాటలుగా కనబడ్డాయని లూకా 24లో ఉంది. యేసు వచ్చి చేతులూ ప్రక్కా చూపించాకే కదా వాళ్ళు కూడా సంతోషించింది? తోమా అడిగింది వాళ్ళకి దొరికిందే, అదనంగా ఏమీ అడగలేదు. అందరూ భయపడి తలుపులు మూసుకుని కూర్చున్నప్పుడు తోమా ఒక్కడు బయట ఎక్కడ తిరుగుతున్నాడు? అంతకు ముందు, యేసుని రాళ్ళతో కొట్టాలని చూసిన ఊళ్ళ వైపే, చనిపోయిన లాజరు దగ్గరికి వెళ్దామని యేసు అన్నప్పుడు "మనమూ పోయి ఆయనతో చనిపోదాం" అన్నది ఈ తోమానే, యోహాను పదకొండో అధ్యాయంలో, ఆ మాటకి పేరు రాలేదేం? అన్నిటికంటే నాకు అంతుపట్టనిది ఇంకోటి, అన్నాడు. నమ్మనే నమ్మను అని ముఖం మీదే చెప్పాక కూడా ఎనిమిది రోజుల తర్వాత తోమా వాళ్ళతోనే, అదే ఇంట్లో ఉన్నాడు. వాళ్ళు పొమ్మనలేదు, ఇతను పోలేదు. ఆ మధ్య రోజుల్లో వాళ్ళేం మాట్లాడుకున్నారో ఎవరైనా చెప్పగలరా?

ఎవరూ చెప్పలేదు. నేనైతే గోడకి అతుక్కుపోయాను, ఎందుకంటే నేను పుట్టినప్పటినుంచీ వింటున్న కథలో ఆ ఎనిమిది రోజులు ఉన్నాయని కూడా నాకు పట్టలేదు, అవి కనిపెట్టింది దేవుడు లేడనే మనిషి.

ఇంతలో అసలు ఉపదేశకుడు వచ్చారు, దారిలో టైరు పంచరైందట. ఆంటీ గుమ్మంలోనే ఆపి, "అయ్యగారి డ్రైవరు కదూ? ఇలా స్టూలు మీద కూర్చో బాబూ, వాక్యం నడుస్తోంది" అన్నారు. ఆయన ఎంత మర్యాదస్తుడంటే, కూర్చున్నారు. కాసేపటికి నోట్సు కూడా రాసుకోవడం మొదలుపెట్టారు.

మావాడు చివరికొచ్చాడు. 1600 ప్రాంతంలో ఇటలీ చిత్రకారుడు కారవాజ్జియో గీసిన బొమ్మలో తోమా వేలు గాయంలోకి దిగిపోయి ఉంటుంది, కానీ మీ వచనంలో వేలు పెట్టాడని ఎక్కడా లేదు, పెట్టమని యేసు అన్నాడు, "నా ప్రభువా, నా దేవా" అని తోమా అన్నాడు, అంతే, అని చెప్పి కూర్చోబోయాడు. "ప్రార్థనతో ముగించండి అయ్యగారూ" అన్నారు ఆంటీ. మావాడి ముఖంలో రక్తం లేదు. "ఒక్క నిమిషం అందరం మౌనంగా ఉందాం" అన్నాడు. ఇద్దరు కళ్ళు తుడుచుకున్నారు. నేను మాత్రం ఆ నిమిషంలో మనసారా ప్రార్థించాను, ఈ ఇంట్లోంచి క్షేమంగా బయటపడాలని.

అయ్యాక స్టూలు మీద ఆయన దగ్గరికొచ్చి, "ఏ సంఘం బ్రదర్ మీది?" అన్నారు.

"ఏ సంఘమూ కాదండి."

"ఓ, ఇండిపెండెంటా!"

"అసలు నేను నమ్మనండి."

"మొదలుపెట్టిన మాటతోనే ముగించారు, చాలా బాగుంది" అని చెయ్యి కలిపి, అప్పుడు తనెవరో చెప్పుకున్నారాయన. ఆంటీ గోడ పట్టుకున్నారు. నిజం మొత్తం బయటపడ్డాక పెద్దగా నవ్వింది కూడా ఆయనే, తన వాక్యం పక్కన పెట్టేసి మిగిలిన సమయమంతా ఆ ఎనిమిది రోజుల మీద మావాడితో వాదించారు, ఎవరూ ఇంటికి పోలేదు.

తర్వాత ఆంటీ నాకు ఫోన్ చేశారు. "బాబూ, వచ్చే నెల కూటానికి ఆ నమ్మని అయ్యగారు వస్తారేమో కనుక్కుంటావా?"

వాడికి చెప్పాను. "నాకు పనీపాటా లేదనుకున్నారా" అని కసిరాడు. కాసేపాగి, "ఏ అధ్యాయమో ముందే చెప్పమను, పోయినసారి ప్రిపేర్ అవ్వలేదు" అన్నాడు.