ఆడతనం మగవాళ్ళకే వదిలేయండమ్మా

ఈమధ్య ఆడవాళ్ళు తమ గురించి తామే కథలూ కవితలూ రాసేసుకుంటున్నారు. ఎవరో ఒకరు చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. తల్లుల్లారా, మీకెందుకీ శ్రమ? తెలుగునాట ఆడతనం మొదటినుంచీ మగవాళ్ళ డిపార్ట్‌మెంటు.

అనుమానముంటే కృష్ణా జిల్లా కూచిపూడి వెళ్ళి అడగండి. సిద్ధేంద్రయోగి సత్యభామ కథతో భామాకలాపం అనే నృత్యనాటకం కూర్చి, ఆ ఊరి భాగవతుల (అంటే ఆ ఆటలాడే కుటుంబాల) ఇళ్ళలో పుట్టిన ప్రతి మగవాడూ జన్మకోసారైనా సత్యభామ వేషం కట్టాలని మాట తీసుకున్నారని అక్కడ చెప్పుకుంటారు. ఆ ఇళ్ళలోనే పుట్టిన ఆడపిల్లలు మాత్రం తరాల తరబడి గజ్జె కట్టలేదు. రంగం మీదికి ఆ సత్యభామ ప్రవేశం చూసి తీరాలి. ఇద్దరు తెర పట్టుకుంటారు. ముఖం కనపడదు. ముందుగా జడ, రాకిడితో కుప్పెలతో సహా, తెరమీదుగా ఇవతలికి వచ్చి పడుతుంది. నన్ను మించిన విద్వాంసులుంటే రండి, గెలిచి ఈ జడ కోసుకోండి అని సవాలు. అవతల నిలబడ్డది పొద్దున్నే నున్నగా గడ్డం గీసుకున్న శర్మగారు. ఆ జడ ఇంతవరకూ ఎవరూ కోయలేదు.

నాటకరంగంలో స్థానం నరసింహారావు గారు సత్యభామగా చీర కుచ్చెళ్ళు సర్దుకుంటే హాలు హాలంతా ఊగిపోయేది. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. కూచిపూడి సత్యభామ వేదాంతం సత్యనారాయణ శర్మ గారికి 1970లో వచ్చింది. నూటికి నూరుపాళ్ళూ అర్హులే, అందులో వ్యంగ్యం లేదు. కానీ ఒక్కమాట అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. పుట్టినప్పటినుంచీ ఆడదానిగానే ఉంటున్న మీ ఇంటావిడకి ఆ పనికి ఎవరైనా కనీసం శాలువా కప్పారా? లేదు కదా. నాణ్యతలో ఎక్కడో లోపముంది.

అయితే ఈ లైసెన్సు స్టేజీ వరకే. అదే నడక ఏ కుర్రాడైనా బజార్లో నడిస్తే ‘ఆడంగి వెధవ’ అని వీధి చివరిదాకా తరుముతాం. తెర ఉంటే కళ, లేకపోతే కుటుంబ పరువు.

ఇక కావ్యాలకొద్దాం. మన ప్రబంధ కవులు కాలిగోటి నుంచి పాపిట బిళ్ళ దాకా స్త్రీని కొలిచి వదిలారు. ఒక్క నడుము దగ్గరే, అది ఉందో లేదో తేలక, తరాలుగా తికమకపడ్డారు. నంది తిమ్మన గారి సత్యభామ అలిగి ఏకంగా కృష్ణుడి తలను ఎడమకాలితో తోసింది. దాన్ని బళ్ళో కంఠతా పట్టించారు. అలకలో ఆ తన్ను ఎంత సొగసుగా ఉందో మాస్టారు వివరిస్తుంటే మేం నోళ్ళు తెరుచుకుని విన్నాం. తన్నింది ఆడదైనా తన్నించింది మగవాడు కాబట్టి ఇబ్బంది లేదు.

పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరులో ముద్దుపళని అనే ఆవిడ ఈ సంగతి తెలియక తానే ‘రాధికా సాంత్వనం’ రాసేసింది. అందులో రాధకు కోరికలున్నాయి, కోపముంది, బతిమాలుకునే వంతు కృష్ణుడిది. వితంతువులకు దగ్గరుండి పెళ్ళిళ్ళు చేయించిన వీరేశలింగం గారికి కూడా ఇది కొరుకుడుపడలేదు. స్త్రీలు వినడానికే తగని మాటలు స్త్రీ నోట వస్తాయా అని కోప్పడ్డారు. గాయని బెంగుళూరు నాగరత్నమ్మ గారు ఊరుకోక, 1910లో పుస్తకాన్ని పరిష్కరించి మళ్ళీ అచ్చువేయించి, సిగ్గన్నది ఆడవాళ్ళకేనా, మగవాళ్ళకు అక్కర్లేదా అని పీఠికలో నిలదీశారు. జవాబు చెప్పడం కష్టమైన ప్రశ్న. అందుకని మరుసటేడు ప్రతులు జప్తయ్యాయి. టంగుటూరి ప్రకాశం గారి చొరవతో నిషేధం పోయేసరికి 1947 వచ్చింది. అప్పటిదాకా తెల్లవాళ్ళు కూడా మన ఆడతనాన్ని మనతో కలిసి కాపాడారు. ఈ ఒక్క విషయంలో వాళ్ళతో మనకు ఏ పేచీ లేదు.

మళ్ళీ 1980ల్లో స్త్రీవాద కవయిత్రులు బయల్దేరి వంటింటి మీద, గర్భస్రావం మీద, బస్సుల్లో ఒంటిమీద పాకే చూపుల మీద కవితలు రాశారు. 1993లో ‘నీలిమేఘాలు’ అని సంకలనం కూడా తెచ్చారు. వంటిల్లు కవితా వస్తువా? నన్నయ నుంచి ఇంతమంది మహాకవులు మూడు పూటలా వంటింట్లోంచి వచ్చిందే తిన్నారు. అందులో ఏమైనా ఉంటే వాళ్ళకు తట్టేది కాదా? వాళ్ళు లోపలికి వెళ్ళి చూడలేదంటారు కొందరు. రుచి చూశారు, చాలదా?

అయినా మేం కాలంతో నడిచేవాళ్ళం. మార్చి 8న మా సాహితీ సంస్థ ‘స్త్రీ రచన – స్త్రీ గొంతు’ మీద సభ పెడుతోంది. అధ్యక్షుడు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, పుస్తక సమీక్షకుడు, అందరం మగవాళ్ళమే వస్తున్నాం. ప్రార్థనా గీతం, జ్యోతి వెలిగించేటప్పుడు అగ్గిపెట్టె అందించడం, వందన సమర్పణ పూర్తిగా మహిళలకే కేటాయించాం. రచయిత్రి స్పందనకు చివర్లో మూడు నిమిషాలిచ్చాం. అప్పటికి భోజనాల వేళవుతుంది, వడ్డన దగ్గర మనుషులు చాలరు కాబట్టి ఆవిడ రెండు నిమిషాల్లో ముగించుకుని అటు వస్తే బాగుంటుందని మా కార్యదర్శి గారు ఫోన్ చేసి చెప్పారు.