గుడ్లగూబల చలికాలపు తిండి: శాతాల వెనక దాగిన లెక్క

పొడవు చెవుల గుడ్లగూబ, పొట్టి చెవుల గుడ్లగూబ రెండూ ఏషియో ప్రజాతివే. యూరప్‌లో చలికాలమంతా రెండూ ఎక్కువగా బతికేది వోల్ అనే పొట్టితోక గడ్డి ఎలుక మీదే. పొడవు చెవులదాని తిండిలో అడవి చిట్టెలుకలు కూడా బాగానే కనబడతాయి. దాన్ని ఇష్టాయిష్టాల తేడా అనుకోవడం తొందరపాటే. పొడవు చెవులది రాత్రి వేటాడుతుంది, చిట్టెలుకా రాత్రే తిరుగుతుంది. పొట్టి చెవులది పగటి వెలుగులోనూ గడ్డిమైదానాల మీద కిందుగా ఎగురుతూ వెతుకుతుంది. వోల్ రాత్రీ పగలూ తేడా లేకుండా కొద్ది గంటలకోసారి మేతకు బయల్దేరుతుంది కాబట్టి దానికి చిక్కుతుంది. మంచు దట్టంగా పేరుకుంటే వోల్‌లు దాని అడుగునే ఉండిపోతాయి. అప్పుడు గుడ్లగూబలు పక్షుల మీద పడతాయి.

అసలు చిక్కు ఏ జంతువును ఎన్ని తిన్నాయో లెక్కించడంలో ఉంది. గుడ్లగూబలు ఎముకలు, వెంట్రుకలు కలిసిన ఉండలను కక్కేస్తాయి. ఒక్కో ఉండలో పుర్రెలను, కుడి ఎడమ కింది దవడలను విడివిడిగా లెక్కపెట్టి, ఎక్కువ వచ్చిన అంకెను తీసుకుంటారు. పుర్రెలు 3, ఎడమ దవడలు 4, కుడివి 2 ఉంటే జంతువులు కనీసం 4. పొడవు చెవులవి గుంపుగా చెట్ల మీద పగలు గడుపుతాయి గనక కింద ఉండలు కుప్పపడతాయి. పోయిన ఏటివీ అందులో కలిసిపోతాయి. అందుకే చలికాలం మొదట్లోనే నేల శుభ్రం చేయాలి, పక్షులు వేటకు వెళ్లాక చీకట్లోనే ఏరాలి. పొట్టి చెవులవి నేల మీద గడ్డిలో కక్కుతాయి. వానకు ఉండ చిట్లితే ఒకే ఎలుక రెండు దవడలు రెండు ముక్కల్లోకి పోయి, రెండు ఎలుకలుగా లెక్కకెక్కుతాయి.

ఇక సంఖ్యా శాతం ఒక్కటే ఇచ్చే పట్టికలు నా దృష్టిలో సగం పనికిరానివి. 20 గ్రాముల వోల్‌లు 90, 60 గ్రాముల పిల్ల ఎలుకలు 10 దొరికాయనుకోండి. సంఖ్యలో పిల్ల ఎలుకల వాటా 10 శాతమే, బరువులో 2,400 గ్రాములకు 600, అంటే 25 శాతం.

పక్షుల సంగతి మరీ సున్నితం. వెంట్రుకలు త్వరగా కరగాలని ఉండలను సోడియం హైడ్రాక్సైడ్‌లో నానబెడితే ఈకలూ కరిగిపోతాయి. పలచని పుర్రెలు ముందే చితికి ఉంటాయి, ముక్కులూ భుజపు ఎముకలూ వెతికి లెక్కించకపోతే పట్టికలో పక్షుల గడిలో సున్నా పడుతుంది.