మాలగా కెథడ్రల్ రెండో టవర్ డబ్బు అమెరికాకు పోలేదు

"స్పెయిన్‌లోని మాలగా కెథడ్రల్‌కి రెండో టవర్ కట్టాల్సిన సొమ్మంతా అమెరికా స్వాతంత్ర్య యుద్ధానికి ఇచ్చేశారు, అందుకే ఒంటి టవర్‌తో మిగిలిపోయింది" అనే మాట ఫొటోలతో సహా తెగ తిరుగుతోంది. వినడానికి బాగానే ఉంది కానీ నిజం కాదు.

ముందు డబ్బు సంగతి చూద్దాం. 18వ శతాబ్దంలో ఈ కట్టడం పనులకు ఆసరా, మాలగా రేవు మీదుగా పోయే సరుకుపై, రాజు అనుమతితో వేసిన సుంకం. ఆ రాబడిని దగ్గరి ఊళ్లైన ఆంటెకేరా, వేలెజ్ వైపు రోడ్లకు మళ్లించారు. వైన్, ఎండుద్రాక్ష ఓడలకెక్కించి బతికే ఊరు కాబట్టి, లోపలి పల్లెల నుంచి సరుకు రేవుకు చేరాలంటే రోడ్లే దిక్కు.

"మరి గాల్వెజ్ మాటేమిటి?" అంటారు. అమెరికా యుద్ధంలో బ్రిటిష్‌వాళ్లతో పోరాడిన స్పెయిన్ సేనాని బెర్నార్దో దె గాల్వెజ్ మాలగా దగ్గరి మచరవియాయాలోనే పుట్టాడు, బ్రిటిష్‌వాళ్ల నుంచి ఫ్లోరిడాలోని పెన్సకోలాను గెలిచాడు. అదంతా నిజమే. కానీ ఆయన యుద్ధాలకు ఖర్చు పెట్టింది స్పెయిన్ రాజ ఖజానా. అందులో పెద్ద వాటా మెక్సికో వెండిది, అది క్యూబాలోని హవానా మీదుగా వచ్చేది. బ్రిటిష్‌వాళ్లు లొంగిపోయిన యార్క్‌టౌన్ పోరుకు బయల్దేరిన ఫ్రెంచి నౌకాదళానికి 5 లక్షల పెసోలు సమకూరింది కూడా హవానాలోనే.

తేదీలూ ఈ కథకు సాయం రావు. పెన్సకోలా లొంగింది 1781 మేలో, యార్క్‌టౌన్ అదే ఏడాది అక్టోబరులో. మాలగాలో పని ఆగింది ఆ రెండూ అయిపోయాక, 1782లో.

టవర్ దగ్గర ఈ కథే చెప్పే ఫలకం ఉంది కదా అనొచ్చు. అది ఆ కాలం నాటి పత్రం కాదు, చాలా తర్వాత పెట్టింది.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది వేరే ఉంది. ఈ కథ వల్ల అందరి కళ్లూ టవర్ మీదే ఆగిపోతున్నాయి. ఉత్తరపు టవర్ 84 మీటర్లు ఉంటే, దక్షిణం వైపుది సగంలో తెగి, మోయడానికేమీ లేని మొండి స్తంభాలతో నిలబడి ఉంది. కానీ ఆగింది అదొక్కటే కాదు. 1528లో మొదలైన ఈ కట్టడానికి పైకప్పు కూడా పడలేదు. లోపలి నుంచి తలెత్తితే కనిపించే కమాను గుమ్మటాల వీపు పైన వానకు వదిలేసి ఉండేది. ఆ నీళ్లు శతాబ్దాలుగా లోపలికి ఇంకి రాతిని తినేస్తూ వచ్చాయి. వాస్తుశిల్పి వెంతురా రోద్రిగేజ్ 1764లోనే వాలు పైకప్పుకు ప్లాన్ గీసిచ్చాడు. దాని ఆధారంగా పైకప్పు పనులు మొదలైంది 2024లో.