చదవక్కర్లేని పుస్తకం

తెలుగు పుస్తకం చచ్చిపోతోందని ఏడాదికోసారి, పుస్తక ప్రదర్శనల సీజన్లో, కన్నీళ్ళు పెట్టుకునే పెద్దలకు ఒక శుభవార్త. ధవళేశ్వరం ఆనకట్టకు అటూ ఇటూ పుస్తకం మళ్ళీ పుట్టింది. రాజమండ్రిలో, రావులపాలెంలో, అమలాపురంలో, భీమవరంలో కొందరు చదువుకున్నవాళ్ళు ఆదివారం పూట సూదీ దారం పట్టుకుని చేత్తో పుస్తకాలు బైండు చేస్తున్నారు. ఎంతమంది అని మాత్రం అడగకండి. ముగ్గురు తెలుగువాళ్ళు కలిసి ఒక పని చేస్తే ఉద్యమం, నాలుగోవాడు చేరితే చీలిక. వీళ్ళలో చీలిక ఇప్పటికే వచ్చింది కాబట్టి ఉద్యమం బలంగానే ఉన్నట్టు లెక్క.

ఈ పుస్తకాల ప్రత్యేకత ఏమిటంటే వాటిలో ఏమీ ఉండదు. ఈ అట్ట నుంచి ఆ అట్ట దాకా తెల్లకాగితాలే. దీన్ని లోపం అనేవాళ్ళకు సాహిత్యం తెలియదనే చెప్పాలి. అచ్చుతప్పు ఒక్కటీ లేని తెలుగు పుస్తకం మీరు ఇంతకుముందు చూశారా? ముగ్గురు ప్రముఖుల ముందుమాటలు ఈదుకుంటూ అసలు విషయం చేరుకోవలసిన అవస్థ ఇందులో లేదు. ఎవరి మనోభావాలూ దెబ్బతినవు. అమ్ముడుపోని ప్రతులు రచయిత మంచం కింద చెదలకు ఆహారం కావు, ఉన్నదే ఒక్క ప్రతి కనక. విమర్శకుడు కూడా కాగితం బాగుందని ఒప్పుకుని తీరాలి.

పని ఆషామాషీ కాదు. కాగితాలు మడిచి ఫారాలు చేయాలి. పెద్ద కాగితాన్ని మూడు మడతలు పెడితే ఎనిమిది ఆకులు, అంటే పదహారు పేజీలు, ఒక ఫారం. మడత మీద సమాన దూరాల్లో బెజ్జాలు పొడిచి, తేనెమైనం రాసిన దారంతో ఒక ఫారాన్ని ఇంకోదానికి కుట్టుకుంటూ పోవాలి. వెన్నుకు గాజుగుడ్డ అతికించాలి, అట్టలు కట్టాలి, బరువు పెట్టి రాత్రంతా ఉంచాలి. కాగితంలో పీచు ఒక వాలున ఉంటుంది. ఆ వాలు వెన్నుతో పాటే నిలువుగా ఉండాలి, అడ్డంగా ఉంటే పుస్తకం మొండికేస్తుంది. చింపి చూస్తే తెలిసిపోతుంది: వాలు వెంట తిన్నగా చిరుగుతుంది, అడ్డంగా అయితే వంకర్లు పోతుంది. ఇది తెలుసుకోవడానికి ఖరీదైన కాగితం తెప్పించి మరీ చింపుతున్నారు. రాజమండ్రిలో గోదావరి గట్టున కాగితం మిల్లు ఉంది కదా అని ఎవరో అమాయకంగా అంటే, ఆ రోజు సభలో ఆయనకు టీ ఇవ్వలేదట.

మడతపెట్టడం కూడా ఆన్‌లైన్లోనే నేర్చుకోవాలి. పక్కనే ఆత్రేయపురంలో అంతకన్నా పల్చటి రేకుల్ని చిరక్కుండా మడిచే ఆడవాళ్ళున్నారు. కిందికి వెళ్తే నర్సాపురంలో కొక్కెంతో దారాన్ని లేసుగా అల్లేవాళ్ళున్నారు. కానీ వాళ్ళకు సర్టిఫికెట్లు లేవు. పైగా వాళ్ళు డబ్బుల కోసం చేస్తారు, హాబీ కాదు.

బంక దగ్గర కొంత గృహకల్లోలం ఉంటుంది. మైదా ఉడకబెట్టి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలపడం మన బైండర్ల పాత పద్ధతి. మైలుతుత్తానికి మన దగ్గర కరువు లేదు. రొయ్యల చెరువులో నాచు చావడానికీ అదే, తోటలో బోర్డో మిశ్రమానికీ అదే. పాలు కాచే గిన్నెలో ఆ నీలం విషాన్ని చూసిన ఇల్లాలు ఏమందో పత్రికలో రాయదగ్గది కాదు. ఇక మడత నొక్కే బోన్ ఫోల్డర్ నిజంగా ఎముకతోనే చేస్తారని తెలిశాక, ఒక రిటైర్డ్ బ్యాంకు మేనేజరుగారింట్లో దాన్ని గుమ్మం బయట చెప్పుల స్టాండులో ఉంచుతున్నారు.

శ్రావణమాసం వచ్చిందంటే ఈ కళకు అసలు పరీక్ష. బంక తడికి సాగిన కాగితం ఆరుతూ ముడుచుకుని అట్టను తనవైపు లాగుతుంది. దానికి విరుగుడుగా అట్ట లోపల కూడా కాగితం అంటించాలి, రెండు వైపులా లాగితే అట్ట ఎటూ పోలేక నిలబడుతుంది. సంకీర్ణ ప్రభుత్వాలు నడిచే సూత్రమూ ఇదే. అయితే మన ముసురుకు రెండో వైపు కాగితం ఆరేలోగా మొదటి వైపు బూజు పడుతుంది. బూజు సహజ రంగు అని ఒక వర్గం వాదిస్తోంది.

చీలిక సంగతి చెప్పాను కదా. ఒకటి ఈజిప్టు పక్షం. అక్కడి తొలినాటి క్రైస్తవులు వాడిన గొలుసు కుట్టు వీరిది, వెన్ను కప్పకుండా కుట్టు కనిపించేలా వదిలేస్తారు. పుస్తకం తెరిస్తే బల్ల మీద పూర్తిగా పరుచుకుంటుంది. రెండోది జపాను పక్షం. విడి కాగితాలకు పక్క నుంచి నాలుగు బెజ్జాలు పొడిచి దారం చుట్టేస్తారు, అందుకని అది పూర్తిగా తెరుచుకోదు. “మీ పుస్తకం తెరుచుకోదు” అని ఈజిప్టువాళ్ళు ఎద్దేవా చేస్తే, “తెరిచి ఏం చూస్తారటా?” అని జపానువాళ్ళు అడిగారు. దానికి ఇంతవరకు జవాబు లేదు.

పాత నోటుపుస్తకాల్లో మిగిలిన తెల్లకాగితాలు చింపి, జూన్ నెలలో మన అమ్మలు పక్కన దబ్బనంతో పొడిచి, పురికొసతో రఫ్ నోట్సు కుట్టి ఇచ్చేవారు. ఆ కుట్టు చూసి మేం బళ్ళో సిగ్గుపడి దాచుకునేవాళ్ళం. అది జపాను కళ అని ఒక్కరైనా చెప్పి ఉంటే తలెత్తుకు తిరిగేవాళ్ళం. తాటాకులకు బెజ్జం పెట్టి, తాడు దూర్చి, పైనా కిందా చెక్క వేసి బిగించిన గ్రంథాలు రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో ఉన్నాయి. పాపం ఆ కట్టినవాళ్ళకు వర్క్‌షాపు లేదు.

నిజానికి మన బైండింగు చరిత్రలో ఒక చీకటి యుగం ఉంది. అప్పట్లో జనం చదవడం కోసం బైండు చేయించేవారు! అద్దె పుస్తకాల షాపులో నవలలకు దళసరి అట్ట వేసి, ఎన్ని చేతులు మారినా ఊడకుండా పక్క నుంచి ఎంత లోతుగా కుట్టేవారంటే, కుట్టు వైపు ప్రతి పంక్తిలో రెండక్షరాలు దారమే మింగేసేది. నాయిక ఏడ్చిందో నవ్విందో పాఠకుడే ఊహించుకోవాలి. ఇళ్ళల్లో అయితే వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు చింపి, దాచి, అయిపోయాక బైండరుకు ఇచ్చేవారు. అలాంటిదొకటి మా పిన్ని పెట్టెలో ఇప్పటికీ ఉంది. కథ మధ్యలో తలనూనె ప్రకటన, పేజీ వెనక సగం రాశిఫలాలు, ఇంకో చోట తల తెగిన కార్టూను. ఒక వారం భాగం లేదు. పక్కింటావిడ పట్టికెళ్ళి ఇవ్వలేదట. ఆ ఖాళీలో పిన్ని ఒక తెల్లకాగితం పెట్టి కుట్టించి, జరిగిందేమిటో తన చేత్తో నాలుగు ముక్కలు రాసుకుంది. కాగితం నాసిరకం, కుట్టు వంకర. ఇలాంటివి ప్రదర్శనకు పనికిరావని కమిటీవారు సౌమ్యంగానే చెప్పారు.

చేసిన పుస్తకాలు ఏం చేస్తారన్నది చాలామంది అడుగుతున్న ప్రశ్న. భీమవరం వైపు ఒక రొయ్యల రైతుగారు తోలు అట్టతో అద్భుతమైన పుస్తకం కుట్టారు, మేత లెక్కలు రాసుకుందామని. తీరా పూర్తయ్యాక రాయడానికి చెయ్యి రాలేదు. పాడైపోద్దండీ అన్నారు. లెక్కలు ఇప్పటికీ క్యాలెండరు వెనక రాస్తున్నారు. ఆ క్యాలెండరు చిరిగిపోతోందని, దానికి బైండింగు చేస్తే ఎలా ఉంటుందని ఆలోచిస్తున్నారు.

మొన్న ఈ ఖాళీ పుస్తకాలకు ఆవిష్కరణ సభ పెట్టారు. ఆవిష్కరణ అంటే శాలువా ఉండాలి, శాలువా అంటే ముఖ్య అతిథి ఉండాలి. బాగుంటుందని కోర్టు దగ్గర దస్తావేజులూ, విద్యార్థుల థీసిస్సులూ బైండు చేసే ఒక పెద్దాయన్ని పిలిచారు. ఆయన పుస్తకం చేతికి తీసుకుని, బొటనవేలితో వెన్ను నొక్కి చూసి, మొదటి ఫారం తిప్పారు, రెండోది తిప్పారు, చివరిదాకా తిప్పారు. “కుట్టు బానే ఉందండి. మరి అచ్చెప్పుడేయిత్తారండీ?” అన్నారు మైకులోనే.

సభానంతరం కమిటీ అత్యవసరంగా సమావేశమై, వచ్చే ఏడాది ముఖ్య అతిథిగా కవిని పిలవాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. కవులైతే పుస్తకం తెరవకుండానే మాట్లాడతారు.