‘ఐదు నిమిషాల్లో పది కిలోల చేప’: ఆ ఎర మెసేజ్ ఇక పంపకండి

“ఒక్కటే ఎర. ఏ చెరువైనా, ఏ చేపైనా, ఐదు నిమిషాల్లో పది కిలోలు” అని మొదలయ్యే మెసేజ్ వానలు పడ్డప్పటి నుంచి తిరుగుతూనే ఉంది. గాలం గ్రూపులో వచ్చింది, ఊరి గ్రూపులో వచ్చింది, గాలం కర్ర ఎప్పుడూ ముట్టని మా బావమరిది కూడా “బావా, ఇది చూశావా?” అని పంపాడు. చూడనివాళ్ల కోసం అందులో ఏముందో చెబుతాను. మైదా, తౌడు, వేరుశనగ చెక్క, పులిసిన కల్లు, సగం సీసా సెంటు కలిపి ముద్ద చేయాలట. వాసన ఎంత ఘాటుగా ఉంటే అన్ని చేపలట. అందులో కాసిని వరి గుళికలు (పొలంలో చల్లే పురుగుమందు) వేస్తే చేపకు మత్తెక్కి గాలం దగ్గరే తిరుగుతుందట. గాలం వేసే ముందు రెండు కిలోల పిండి నీళ్లలో చల్లాలట. అమావాస్య ముందురోజే వెళ్లాలట, గాలానికి ఎర్రదారం కట్టాలట. కింద ఒక చేప ఫొటో కూడా పెట్టారు.

చాలారోజులు చూసీ చూడనట్టు వదిలేశాను. గుళికల మాట చదివాక ఊరుకోలేకపోయాను.

ముందు ఆ ఫొటో సంగతి. బంగారు రంగులో, పళ్లెంలా గుండ్రంగా ఉన్న ఆ చేప మన బంగారు తీగ కాదు. బంగారు తీగకు మూతి పక్కన రెండు జతల మీసాలుంటాయి. ఫొటో పెద్దది చేసి చూడండి, ఒక్క మీసం లేదు. అది క్రూసియన్ కార్ప్. ఐరోపా, రష్యాల్లోని చల్లని చెరువుల చేప. పైన మంచు గడ్డకట్టి నీళ్లలో ఆక్సిజన్ అయిపోయినా నెలల తరబడి బతకగల గట్టి ప్రాణి. బ్రిటన్‌లో రెండు కిలోల క్రూసియన్ పడితే రికార్డు స్థాయి కింద లెక్క. దాని ఫొటో పెట్టి పది కిలోలు అని రాసినవాడు ఆ చేపనూ చూడలేదు, మన చెరువునూ చూడలేదు.

“ఏ చేపైనా” అన్నది రెండో అబద్ధం. బొచ్చె పై నీళ్లలో తిరుగుతుంది, నీటిలో తేలే సూక్ష్మజీవుల్ని వడకట్టుకుని తింటుంది. దాని నోరు పైకి తిరిగి ఉండేది అందుకే. దానికి నీటి మీద తేలే బెండు కింద దారం తక్కువ పెట్టి, త్వరగా విడిపోయే తౌడు ముద్ద వేయాలి. శీలావతి, అదే తెలంగాణలో రవ్వ, మధ్య నీళ్లలో మేస్తుంది. మృగాల అడుగున బురదలో వెతుక్కుంటుంది, కాబట్టి ముద్ద అడుగుకు చేరేదాకా విడిపోకూడదు. ఇక కొర్రమీను ముందు మీ మైదా ముద్ద రోజంతా ఉంచినా దాని దారిన అది పోతుంది. దానికి కప్పో, చిన్న చేపో కదులుతూ కనబడాలి. ఈ నాలుగింటికీ ఒకే ముద్దా?

సెంటు దగ్గర చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. చేప వాసన పట్టేది నీళ్లలో కరిగినదాన్నే. అత్తరు నూనె నీళ్లలో కరగదు, పైకి తేలి పొరలా పరుచుకుంటుంది. కట్ట మీద కూర్చున్న మీకు ఘుమఘుమ, ఆరడుగుల కింద ఉన్న చేపకు దాదాపు ఏమీ లేదు. పైగా శీలావతి, మృగాల లాంటి చేపలు ఎరను నోట్లోకి పీల్చి, రుచి చూసి, నచ్చకపోతే క్షణంలో ఉమ్మేస్తాయి. బెండు రెండుసార్లు సన్నగా వణికి ఆగిపోతుంది చూడండి, చాలాసార్లు అక్కడ జరిగింది ఇదే. కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువుల్లో రైతులు ఏం పెడుతున్నారో ఒకసారి చూసి రండి. తౌడు, చెక్క కలిపి, చిల్లులు పెట్టిన సంచుల్లో నింపి, నీళ్లలో పాతిన కర్రలకు వేలాడదీస్తారు. శీలావతులు ఆ చిల్లుల దగ్గర మూగి లాక్కుని తింటాయి. అక్కడ ఏ సంచికీ సెంటు కొట్టరు.

ఇక గుళికలు.

వరి పొలంలో వేసే గుళికల మందుల్లో ఒకటి కార్బోఫ్యూరాన్. అది నరాల మీద పనిచేసే విషం. మనిషి లోపలికి వెళితే చొంగ కారుతుంది, కండరాలు వణుకుతాయి, ఊపిరి ఆగిపోవచ్చు. చేపకు “మత్తు” అని ఆ మెసేజ్ చెబుతున్నది అదే విషం పట్టిన స్థితి. చేప ఎరకు ఆశపడి అక్కడ తిరగడం లేదు, చస్తూ కొట్టుకుంటోంది! ఆ చేపను ఇంటికి తెచ్చి పులుసు పెట్టి పిల్లల కంచంలో వేస్తారా? పిండి కలిపేది ఒట్టి చేతులతోనే కదా, అదే చేత్తో బీడీ వెలిగిస్తారు, మిక్చర్ పొట్లం విప్పుతారు. మిగిలిన ముద్ద కట్ట మీద పారేసి వస్తే కొంగ తింటుంది, కుక్క తింటుంది. అదే చెరువులో సాయంత్రం గేదెలు దిగుతాయి. ఆ చెరువు మీద మత్స్య సహకార సంఘంలోని కుటుంబాలు బతుకుతున్నాయి. చేపపిల్లను వదిలి, నెలల తరబడి కాపలా కాసి పెంచుకున్న చేప అది. మన ఒక్క పూట సరదా కోసం వాళ్ల ఏడాది కష్టంలో విషం కలపమని చెప్పే మెసేజ్‌ను చేతులు జోడించిన బొమ్మలు పెట్టి ఫార్వర్డ్ చేస్తున్నారు. ఏం ఆలోచించి పంపుతున్నారు? చేపల్ని పట్టడానికో చంపడానికో నీళ్లలో విషం కలపడం నేరమని 1897 నాటి భారత మత్స్య చట్టమే చెప్పింది. “కొంచెమే కదా” అనేవాళ్లకు ఒకటే మాట: ఆ కొంచెం ఎంతో మీరు మీ ఇంటి నీళ్ల డ్రమ్ములో వేసి చూపించండి, తర్వాత మాట్లాడుకుందాం.

అమావాస్య, ఎర్రదారం: వదిలేయండి. దారం ఏ రంగుదైనా ముడి గట్టిగా ఉంటే చాలు.

రెండు కిలోల పిండి చల్లడం అంటే చేపకు ముందే కడుపు నింపి తర్వాత గాలం వేయడం. గుప్పెడు గుప్పెడుగా, ఒకేచోట, కాసేపటికోసారి వేస్తే చేప అక్కడే వెతుకుతూ నిలబడుతుంది. ఎండాకాలం చిన్న కుంటల్లో మిగిలిన పిండి కుళ్లి, ఉన్న కాస్త ఆక్సిజన్‌ను కూడా తినేస్తుంది. మబ్బు పట్టిన రాత్రి గడిచాక తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే అవి ఆకలితో ఉన్నాయనుకోకండి, ఊపిరాడక అలా చేస్తున్నాయి. అప్పుడు ఏ ఎర పెట్టినా ముట్టవు.

ఇంత తిట్టాక కూడా ఒకటి ఒప్పుకోవాలి. ఆ మెసేజ్‌లో కల్లు మాట నిజం. పులిసిన తౌడు పచ్చి తౌడు కంటే బాగా పనిచేస్తుంది. పులిసేటప్పుడు పిండిలోని పదార్థాలు విడిపోయి నీళ్లలో కరిగే రూపంలోకి వస్తాయి, చేప ముక్కుకూ నాలుకకూ అందేవి అవే. తాటికల్లైనా ఈతకల్లైనా సరే, అదీ దొరకకపోతే రెండు రోజులు పులిసిన గంజి చాలు. తౌడును అందులో రాత్రంతా నానబెట్టి, పొద్దున వేయించి దంచిన చెక్క కలపండి, ముద్ద నిలిచేంత మైదా మాత్రమే వేయండి. మైదా ఎక్కువైతే బంకలా సాగి, గాలం మొనను కప్పేస్తుంది. బయల్దేరే ముందు గోలీకాయంత ముద్దను గ్లాసు నీళ్లలో వేసి చూడండి. వెంటనే విడిపోయిందా, ఇంకాస్త మైదా. పావుగంటైనా చెక్కుచెదరలేదా, ఇంకాస్త తౌడు. అంచుల నుంచి మెల్లగా పొడి రాలుతుంటే డబ్బాలో పెట్టుకుని బయల్దేరండి. ఎవరికైనా పంపాలనిపిస్తే ఈ ఒక్క పేరా కాపీ చేసి పంపండి. గుళికల మాటున్న మెసేజ్ ఫోన్‌లో ఉంటే ఇప్పుడే తీసేయండి, మీకు పంపినవాళ్లకు కూడా ఫోన్ చేసి చెప్పండి.