పెద్ద తూటా వేస్తే ఎలుగు ఆగుతుందా? ఒక వాట్సాప్ సలహాకు జవాబు

మా శ్రీకాకుళం వైపు గ్రూపుల్లో ఈ మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. పలాస గ్రూపులో చూశాను, సోంపేట గ్రూపులో చూశాను, ఆఖరికి విజయనగరంలో ఉన్న మా బావమరిది కూడా అదే పంపాడు. సారాంశం ఇది. అమెరికాలో అడవుల్లో తిరిగేవాళ్లు .44 మాగ్నమ్ రివాల్వర్ నడుముకు కట్టుకుంటారట. తూటా ఎంత బరువుగా, ఎంత జోరుగా ఉంటే అంత మంచిదట. సాధనకు చవకైన .44 స్పెషల్ తూటా చాలట, అదీ అదే తుపాకీలో పడుతుంది కనుక గురిలో తేడా రాదట. ముక్కు దగ్గర గుంట ఉన్న హాలో పాయింట్ తూటా అన్నిటికీ పనికొస్తుందట. రివాల్వర్ ఎప్పుడూ జామ్ కాదట. కాబట్టి ఉద్దానం జీడి రైతులకు ప్రభుత్వం ఇలాంటి రివాల్వర్లకు లైసెన్సులు ఇస్తే ఎలుగుల గొడవ తీరిపోతుందట.

నేను కేంద్ర బలగాల్లో ఆయుధాల మరమ్మతు పని చేసి రిటైరైనవాణ్ని. .44 మాగ్నమ్‌ను చేత్తో పట్టుకున్నది మాత్రం కొలరాడోలో ఉన్న మా మేనల్లుడి దగ్గరికి వెళ్లినప్పుడే. ఆ మెసేజ్ రాసినాయన దాన్ని ఒక్కసారైనా పేల్చాడా అని నాకు అనుమానం.

ముందు బరువు, జోరు సంగతి చూద్దాం. .44 స్పెషల్ 1907 నాటిది. ఐడహోలో పశువుల కొట్టాలు నడిపిన ఎల్మర్ కీత్ అనే ఆయన దాంట్లో మందు పెంచుకుంటూ పోయి, ఇంకా బలమైన తూటా కావాలని కంపెనీల వెంటపడ్డాడు. 1955 చివర్లో స్మిత్ అండ్ వెసన్, రెమింగ్టన్ కలిసి .44 మాగ్నమ్ తెచ్చాయి. రెండింటిలోనూ గుండు బరువు దాదాపు ఒకటే, 240 గ్రెయిన్ల చుట్టూ, అంటే పదిహేనున్నర గ్రాములు. తేడా అంతా వేగంలోనే. పాతకాలపు స్పెషల్ గుండు సెకనుకు 230 మీటర్ల వేగంతో పోతే, పూర్తి జోరు మాగ్నమ్ 400 మీటర్లు దాటుతుంది. గుండు మోసుకుపోయే శక్తి మూడింతలు. తుపాకీ మన చేతిని వెనక్కి తన్నే శక్తి అంతకంటే ఎక్కువ, రమారమి నాలుగింతలు.

ఈ చివరి మాట ఆ మెసేజ్‌లో లేదు. పైగా ‘నడుముకు తేలిగ్గా ఉండే రివాల్వర్ కొనుక్కోండి’ అని ఉచిత సలహా ఒకటి. స్మిత్ అండ్ వెసన్ వాళ్లదే ఆరంగుళాల గొట్టం ఉన్న స్టీలు 629 మోడల్ బరువు కిలోమీద పావు దాటుతుంది. స్కాండియం అనే లోహం కలిపిన 329 మోడల్ 700 గ్రాములే. ఒకే తూటా వేస్తే తేలిక తుపాకీ దాదాపు రెట్టింపు తంతుంది. మోయడానికి సుఖంగా ఉన్నది పేల్చడానికి నరకం. మొదటి గుండు తగలకపోతే రెండోది గురి చూసేలోపు గొట్టం ఎక్కడికి లేచిపోయిందో వెతుక్కోవాలి. అలాంటప్పుడు మూడింతల శక్తి ఎవరికి ఉపయోగం? అందుకే దీన్ని బాగా ఎరిగినవాళ్లు చాలామంది సెకనుకు 300 మీటర్ల ప్రాంతంలో పోయే మధ్యరకం తూటా ఎంచుకుంటారు. ఊళ్లో మనుషుల నుంచి ఆత్మరక్షణ కోసమైతే స్పెషల్‌తోనే సరిపెట్టుకునేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు ధైర్యం లేక కాదు.

ఇంకో మాట. సిలిండర్ (తూటాలు పెట్టే తిరిగే భాగం) గదిలో, అంటే చాంబర్‌లో, తూటా దూరింది కదా అని ప్రతి తుపాకీ దాన్ని తట్టుకోదు. .45 కోల్ట్ 1873 నాటి తూటా, దాని ప్రమాణ పీడనం చదరపు అంగుళానికి 14,000 పౌండ్లు. .44 మాగ్నమ్‌కి అది 36,000. ఇప్పుడు .45 కోల్ట్ పేరుతోనే బాగా ఘాటైన తూటాలు కూడా అమ్ముతున్నారు, ఫలానా గట్టి తుపాకుల్లోనే వాడాలని పెట్టె మీద రాసి మరీ. పెట్టె మీద రాసింది చదవకుండా ‘బరువైనదే మంచిది’ అనుకుంటే సిలిండర్ పగిలేది వాడేవాడి చేతిలోనే.

ఇక సాధన విషయం. మెసేజ్ మొత్తంలో జనం ఎక్కువగా నమ్మేది ఇదే, ఎందుకంటే అందులో సగం నిజం ఉంది. .44 స్పెషల్ కేసు, అంటే మందు నింపి గుండు బిగించే ఇత్తడి డొప్ప, మాగ్నమ్ కంటే అంగుళంలో ఎనిమిదో వంతు పొట్టి. కనుక స్పెషల్ మాగ్నమ్ తుపాకీలో పడుతుంది, మాగ్నమ్ స్పెషల్ తుపాకీలో పట్టదు. కావాలనే అలా చేశారు. ట్రిగ్గర్ మెల్లగా నొక్కడం, సైట్లు (గురి చూసే గుర్తులు) కలపడం, చేతిపట్టు, ఇవన్నీ స్పెషల్‌తో నేర్చుకోవచ్చు, నేర్చుకోవాలి కూడా. కొత్తవాడికి మొదటి రోజే మాగ్నమ్ ఇస్తే జన్మలో పోని బెదురు అంటుకుంటుంది.

కానీ గురిలో తేడా రాదన్నది అబద్ధం. రివాల్వర్‌లో గుండు గొట్టం దాటకముందే తుపాకీ పైకి లేవడం మొదలవుతుంది. నెమ్మదిగా పోయే గుండు గొట్టంలో ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి గొట్టం మరికాస్త లేచాక బయటపడుతుంది. అందుకే ఒకే బరువు గుండ్లలో నెమ్మదైనది మామూలుగా పైన తగులుతుంది, వేగమైనది కింద. పది అడుగుల్లో ఇది లెక్కలోకి రాదు. పాతిక గజాల్లో కొన్ని అంగుళాల తేడా వస్తుంది. స్పెషల్‌తో సైట్లు సరిచేసుకుని, నడుముకు కట్టేటప్పుడు మాగ్నమ్ నింపుకునేవాడు తన తుపాకీ ఎక్కడ కొడుతుందో తెలియకుండానే తిరుగుతున్నట్టు.

దీనికి ఒక మురికి కోణం కూడా ఉంది. పొట్టి కేసులు వరసగా పేలిస్తే ఆ కేసు మూతి ముందు, చాంబర్ గోడల మీద మసి, సీసం కలిసి ఉంగరంలా పేరుకుంటాయి. తర్వాత పొడుగు మాగ్నమ్ తోస్తే అక్కడ తట్టుకుంటుంది, లేదా దూరి పేలాక ఖాళీ కేసు బయటికి రాదు. మా మేనల్లుడు రేంజిలో పొద్దంతా స్పెషల్స్ పేల్చి చివర మాగ్నమ్ వేద్దామనుకుంటే బొటనవేలితో గట్టిగా నొక్కాల్సి వచ్చింది. ఇత్తడి బ్రష్‌తో చాంబర్లు తోమితే పోతుంది, కష్టమేమీ కాదు. తోమాలని తెలియాలి, అంతే.

మరి తూటాలు ఎలా ఎంచుకోవాలి? ముందు దగ్గర ఉంచుకునే తూటా ఏదో తేల్చుకోవాలి. సాధనకు దానికి గుండు బరువులోనూ వేగంలోనూ దగ్గరగా ఉండే చవకరకం వెతకాలి. దొరకకపోతే ఎక్కువ భాగం తేలికవాటితో పేల్చి, ప్రతి సాధన చివర సిలిండరు నిండా అసలు తూటాలు పేల్చాలి. బెదురు పట్టుకోవడానికి పాత పద్ధతి ఒకటుంది. సిలిండర్‌లో కొన్ని నిజం తూటాలు, కొన్ని పేలిన ఖాళీ కేసులు కలిపి పెట్టి, ఏది ఎక్కడుందో తెలియకుండా తిప్పి మూయాలి. గుర్రం (తూటాను కొట్టే మీట) ఖాళీ కేసు మీద పడినప్పుడు గొట్టం కిందికి ఊగిందంటే తప్పు తూటాది కాదు. మా వాడికి ఊగింది. నాకూ కొంచెం ఊగింది, అయినా నేను పెద్దవాణ్ని కదా, వాడు గమనించనట్టు ఊరుకున్నాడు.

హాలో పాయింట్ గురించి రెండు ముక్కలు చాలు. గుండు ఒంట్లోకి దిగగానే విచ్చుకుని, తక్కువ లోతులో ఆగిపోయేందుకు చేసిన ముక్కు అది. 1986లో మయామీలో జరిగిన కాల్పుల తర్వాత ఎఫ్‌బీఐ పరీక్షలు మొదలుపెట్టి, ఒంటి కండకు బదులుగా పెట్టే జెలటిన్ దిమ్మలో 12 నుంచి 18 అంగుళాల లోతు కావాలని తేల్చింది. అది మనుషుల లెక్క. అలాస్కాలో గ్రిజ్లీలు (అక్కడి పెద్ద ఎలుగులు) ఉండే చోట తిరిగేవాళ్లు దానికి భిన్నంగా, సీసంలో తగరం, యాంటిమొనీ కలిపి గట్టిగా పోతపోసిన మొద్దుముక్కు గుండ్లు వాడతారు. దట్టమైన కండరం, ఎముక దాటుకుని లోపలికి పోవాలి కనుక. ఆ గుండు ఊళ్లో పేలిస్తే అవతలి మనిషిని దాటుకుని వెనక ఉన్నవాణ్ని కూడా తాకుతుంది. అన్నిటికీ పనికొచ్చే గుండు ఉంటే ఇన్నిరకాలు తయారు చేసేవాళ్లే కాదు.

‘రివాల్వర్ జామ్ కాదు’ అన్న మాట బలగాల్లో కూడా చాలామంది చెప్పేవాళ్లు. .38 లాంటి జోరు తక్కువ తూటాల విషయంలో దాదాపు నిజమే. ఘాటు మాగ్నమ్‌లతో, అందులోనూ తేలిక తుపాకీలో, కథ మారుతుంది. ఒక తూటా పేలినప్పుడు తుపాకీ జోరుగా వెనక్కి వస్తుంది. మిగతా చాంబర్లలో ఉన్న కేసుల అంచును తుపాకీ తనతోపాటు లాక్కొస్తుంది, లోపలి బరువైన గుండేమో కదలకుండా అక్కడే ఉండాలని చూస్తుంది. కేసు మూతిని గుండు చుట్టూ గట్టిగా నొక్కి బిగించకపోతే గుండు కొంచెం కొంచెంగా ముందుకు జారుతుంది. అలా జారి సిలిండర్ ముందు అంచు దాటితే గొట్టం చట్రానికి తట్టుకుని సిలిండర్ తిరగదు. ట్రిగ్గర్ మళ్లీ నొక్కినా లాభం లేదు, పిస్టల్ జామ్‌లా చేత్తో లాగి సర్దుకోవడానికి కూడా లేదు, సుత్తి కావాలి.

ఇది పరీక్షించడం సులువే. ఆరు తూటాల్లో ఒకదాని పొడవు ముందే కొలిచి గుర్తు పెట్టాలి. అది కాక మిగతా ఐదూ పేల్చి, దాన్ని తీసి మళ్లీ కొలవాలి. పెరిగితే ఆ తూటా, ఆ తుపాకీ జత కుదరదు. దగ్గర ఉంచుకునే తూటా ఎంచుకోవడంలో నేను ముందు చూసేది ఇదే, శక్తి లెక్కలు తర్వాత. ఖాళీ కేసులు బయటికి తోసే నక్షత్రం ఆకారపు రేకు కింద కాలని మందు పలుకు ఒకటి ఇరుక్కున్నా సిలిండర్ మూసుకోదు. ఖాళీ కేసులు తోసేటప్పుడు గొట్టం ఆకాశం వైపు ఉంచమని నేర్పేది అందుకే.

ఇక ఉద్దానం. ఈ మెసేజ్ మీద నాకు కోపం వచ్చింది ఇక్కడే. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగు దాడిలో ఒకరు చనిపోయారు, తర్వాత మరికొందరు గాయపడ్డారు, పట్టుబడిన ఎలుగూ బతకలేదు. ఆ ఊళ్ల పేరు చెప్పి తుపాకీ ప్రచారం చేయడం బాగాలేదు. పెద్ద గ్రిజ్లీ మగది మూడు నాలుగు వందల కిలోలు ఉంటుంది, మన ఎలుగు నూటయాభై దాటడం అరుదు. చిక్కు దాని బరువులో లేదు, దగ్గరితనంలో ఉంది. జీడి తోటలో వంగి పిక్కలు ఏరుకుంటున్న మనిషికి తుప్పల్లోంచి ఎలుగు నాలుగు బారల దూరంలో లేస్తుంది. దానికి చూపు అంతంతమాత్రం, ఉలికిపడి మీద పడుతుంది. చేతిలో పిక్కల బుట్ట ఉన్న మనిషి నడుం నుంచి రివాల్వర్ తీసి, గురి చూసి, తన్నును తట్టుకుని కొట్టే వ్యవధి ఏది? తప్పిన గుండు ఎటు పోతుంది? పక్క చెట్టు కింద వరసకు వదినలో మరదళ్లో అదే పని చేస్తూ ఉంటారు.

అమెరికా ఉదాహరణ తెచ్చారు కాబట్టి అక్కడి అలాస్కా లెక్కే చెబుతాను. ఎలుగుల మీద పరిశోధన చేసే టామ్ స్మిత్, స్టీఫెన్ హెరెరో, వాళ్ల సహచరులు అక్కడి ఘటనలు పోగేసి 2008లో మిరపఘాటు స్ప్రే మీద, 2012లో తుపాకుల మీద పత్రాలు రాశారు. స్ప్రే పది సార్లలో తొమ్మిది సార్లకు పైగా ఎలుగును ఆపింది. చేతితుపాకులు 84 శాతం. రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు, స్ప్రే కొట్టిన ఎలుగులన్నీ దాడికి వచ్చినవి కావు. కానీ తుపాకీ వాడినవాళ్లకూ, తుపాకీ ఉండి వాడనివాళ్లకూ గాయాల్లో తేడా కనిపించలేదని ఆ రెండో పత్రమే చెప్పింది. మెసేజ్ రాసినాయన దాన్ని వదిలేశాడు.

చట్టం సంగతీ తెలియదు ఆయనకు. ఆయుధాల చట్టం, 1959 పంట రక్షణకు ఇవ్వమన్నది గొట్టంలో మందు కూరే తుపాకీని. అమెరికా మాగ్నమ్ దిగుమతి చేసుకునే వీలు మామూలు లైసెన్స్‌దారుకు లేదు. ఎలుగు వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లోది. ప్రాణం కాపాడుకోవడానికి చంపితే నేరం కాదని 11వ సెక్షన్ అంటుంది, వేటాడితే జైలే. తోటల్లో తుప్పలు కొట్టించడం, తెల్లవారకముందే ఒంటరిగా పోకుండా గుంపుగా చప్పుడు చేసుకుంటూ వెళ్లడం, రాలిన పనసపళ్లు ఇళ్ల దగ్గర కుళ్లనివ్వకపోవడం, ఇవి ఖర్చులేనివి. తిత్లీ తుపానుకు పడిపోయిన తోటల్లో తుప్పలు ఎంత పెరిగాయో అక్కడివాళ్లకు తెలుసు.

చివరగా, లైసెన్స్ మీద ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ .32 రివాల్వర్ ఉన్నవాళ్లు మన జిల్లాల్లో కొందరున్నారు. పై మాటల్లో వాళ్లకు పనికొచ్చేవి ఉన్నాయి. ఏడాదికి ఎన్ని తూటాలో లైసెన్స్ పుస్తకంలోనే ఉంటుంది, కాబట్టి పాతవి అనుమతి ఉన్న రేంజిలో సాధనకు పేల్చి, కొత్తవి దగ్గర ఉంచుకోండి, రెండూ ఒకే రకం కొనండి. మన సముద్రగాలికి తోలు బెల్టు గూళ్లలో ఏళ్లతరబడి ఉన్న తూటాల ఇత్తడికి పచ్చగా చిలుము పడుతుంది, అలాంటివి లోడ్ చేయొద్దు. సిలిండర్‌లో నూనె కారేలా పూయొద్దు, తూటా అడుగున మందును అంటించే ప్రైమర్‌లోకి నూనె దిగితే తూటా చచ్చిపోతుంది. తూటాలు ఇంట్లో తయారు చేసుకోమని ఎవరైనా వీడియో పంపితే తుడిచేయండి, లైసెన్స్ లేకుండా అది ఆయుధాల చట్టం 5వ సెక్షన్ కింద నేరం.